రెండో డికాషన్

మేలు చేసినవాళ్లను తలుచుకునేటప్పుడు లోగనాయకి ఒక జ్వరాన్ని కూడా ఆ వరసలో చేరుస్తుంది. దేవుడు, అత్తగారు, ఒకరిద్దరు పాత వాడుకదార్లు, ఆ తరవాత ఆ జ్వరం. వచ్చినప్పుడు మాత్రం దాన్ని నోరారా తిట్టుకుంది.

ముత్యాలపేట గడియార స్తంభానికి కాస్త ఇవతల ఆమెకు కాఫీపొడి అంగడి ఉంది. ముందువైపు పొడి కొట్టే మిషను, తూకం, వాడుకదార్లకు రుచి చూపించడానికి ఒక ఫిల్టరు, పాల స్టవ్వు. వెనకవైపు గింజలు వేయించే డ్రమ్ము. మిషను దగ్గర ఎవరైనా ఉండొచ్చు గాని, డ్రమ్ము దగ్గరికి లోగనాయకి ఎవర్నీ రానివ్వదు. గింజ చిటపటలాడడం ఎప్పుడు మొదలవుతుందో, అది ఆగాక ఎంతసేపు ఓపిక పట్టాలో, ఏ వాసనకు గబుక్కున దించెయ్యాలో అత్తగారు ఆమె ఒక్కదానికే నేర్పింది. మొగుడు పోయిన ఏడాది జనం జాలిపడి ఆమె దగ్గర పొడి కొన్నారు. జాలి కూడా రాబడేనని లోగనాయకి కాదనలేదు. జాలికి వచ్చినవాళ్లు రుచికి ఉండిపోయారు. అంగడి నిలబడింది.

అట్లాంటి మనిషికి పోయిన వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన పోయింది. తీపి, చేదు నాలుకకు తెలుస్తున్నాయి. అంతకు మించి ఏమీ లేదు. మంచి కాఫీ, మాడిన కాఫీ రెండూ ఒకటే చేదు. డాక్టరు మెల్లగా వస్తుందన్నాడు. ఎప్పటికి అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. సరుకు లేని వ్యాపారి కూడా అట్లాగే నవ్వి ఊరుకుంటాడు గనక, లోగనాయకి మళ్లీ ఆయన దగ్గరికి పోలేదు.

ఎవరికీ చెప్పలేదు. కాఫీపొడి అమ్మే మనిషికి ముక్కు పనిచెయ్యదని తెలిస్తే మర్నాటికి అంగడి ముందు ఈగ కూడా వాలదు. రంగు చూసి, చప్పుడు విని వేయించసాగింది. మిగతా భారమంతా కనకం నాలుక మీద వేసింది.

కనకం మిషను దగ్గర పనిచేసే మనిషి. వైతికుప్పం పక్క సందులో ఇల్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. మొగుడు మూతపడిన బట్టల మిల్లులో పనిచేసి ఇప్పుడు వాచ్‌మన్ ఉద్యోగం చేస్తున్నాడు. అత్తగారి కాలంలో చేరిన మనిషి గనక అంగడిలో ఏ డబ్బా ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగలదు. రోజూ పొద్దున మొదటి ఫిల్టరు దిగి అందరూ కాఫీ తాగాక లోగనాయకి అడుగుతుంది.

"ఎట్టా ఉందే కనకం?"

"బాగుందమ్మా."

ఇదివరకు అది పలకరింపు లాంటిది. ఇప్పుడు ఆ ఒక్క మాట మీద అంగడి నడుస్తోంది.

ఒక సోమవారం అళగేశన్ వచ్చాడు. బస్సులు ఆగే చోట ఆయనకు మెస్సు ఉంది, దానికి పొడి ఇక్కడిదే. ముత్యాలపేటలో సగం మంది ఆయన ఎక్కడ కొంటే అక్కడే కొంటారు. తమిళంలోనే మాట్లాడతాడు, మాట మాత్రం మెత్తన.

"అక్కా, పోట్లాటకు రాలేదు. చెప్పి పోదామని వచ్చా. మెస్సుకొచ్చేవాళ్లు టంబ్లర్లలో సగం సగం వదిలేసి పోతున్నారు. మాడు వాసన. ఒకాయన నన్నే అడిగాడు, ఏం అళగేశా, ఇది తాగడానికా, పళ్లు తోముకోడానికా అని."

"ఒక్క దఫా అట్లా అయ్యుంటుంది తమ్ముడూ."

"ఒక్క దఫా అయితే నేనే సర్దుకుందును. శుక్రవారం వస్తా, ఇక్కడే కూర్చుని తాగుతా. బాగుంటే ఎప్పట్లాగే. లేకపోతే నన్ను తప్పుగా అనుకోవద్దు."

ఆయన మానేస్తే వీధంతా కారణం అడుగుతుంది. కారణం బయటపడితే ఇక అంగడి లేదు. లోగనాయకి ఆయన్ను గడప దాకా సాగనంపి, వెనక్కి తిరిగి వచ్చింది.

"బాగుందన్నావు గదే."

"అన్నా."

"మాడిందంట. నీకు తెలీలేదా?"

కనకం మిషను తుడుస్తున్న చెయ్యి ఆపలేదు. "నేను ఏ పొద్దు బాగలేదన్నానమ్మా?"

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. లోగనాయకి జ్ఞాపకాలన్నీ గాలించింది. కనకం నోట ఒక్కసారైనా ఆ మాట విన్నట్టు లేదు. అత్తగారి కాలంలో ఇంకొకామె పనిచేసేది. ఒక రోజు వాడుకదారు ఎదుట చేదు ఎక్కువైందని నోరు జారింది. ఆ సాయంత్రంతో ఆమె పని పోయింది. కనకం అప్పుడు కొత్త. ఆ సాయంత్రం చూసి నేర్చుకున్న మాటే ఈ బాగుంది అన్న మాట.

సాయంత్రం మేడ మీది గదిలోంచి ఆమని దిగి వచ్చింది. యానాం అమ్మాయి. కాలాపేట విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం ఎం.ఏ. చదువుతోంది. రోజూ ఈ వేళకు కాఫీ తాగి పోతుంది. చేతిలో పుస్తకం, మొహం దిగాలుగా ఉంది.

"ఏంది పాపా, అట్టా ఉన్నావు?"

"సెమినార్ ఆంటీ. యజమాని, బానిస అని ఒక పాఠం. జర్మనీలో ఒకాయన రెండు వందల ఏళ్ల కింద రాశాడు. క్లాసులో అందరూ బానిస గురించి మాట్లాడేస్తున్నారు. నాకు యజమాని పడ్డాడు."

"మంచిదే. గెలిచిన పార్టీ."

"అదేనండి తలనొప్పి. గెలిచినవాడే ఓడిపోయాడని చెప్పాలి నేను."

లోగనాయకి మనసు అళగేశన్ దగ్గర ఉంది గాని, గెలిచినవాడు నష్టపోయిన లెక్క వినబుద్ధి అయింది. "కథ చెప్పు."

"ఇద్దరు మనుషులు ఎదురుపడ్డారనుకోండి. ఇద్దరికీ కావాల్సింది ఒకటే. నేనూ ఒక మనిషినే అని అవతలివాడు ఒప్పుకోవాలి. పంతానికి పోయారు, ప్రాణాల మీదికి వచ్చింది. ఒకడు చావుకి భయపడి, సరే, నువ్వే గొప్ప అన్నాడు. వాడు బానిస అయ్యాడు. రెండోవాడు యజమాని."

"బేరం తెగింది గదా."

"తెగలేదండి. అక్కడ్నించి బానిస పనిచేస్తాడు, యజమాని కూర్చుని తింటాడు. పనిచేసేవాడికి తను చేసిన వస్తువులో తను కనిపిస్తాడు. ఇది నా చేతి పని అనుకుంటాడు. భయం మెల్లగా వదులుతుంది. ఇంతవరకు నాకు అర్థమైంది. యజమానికేం తక్కువైందో అదే తెలీట్లేదు. తిండి ఉంది. పనివాడున్నాడు. రోజూ దండాలు పెడుతున్నాడు."

"వాడు పోట్లాడింది తిండి కోసమా, ఆ ఒప్పుకోవడం కోసమా?"

"ఒప్పుకోవడం కోసం."

"అది దొరికిందా?"

"దొరికిందిగా. బానిస ఒప్పుకున్నాడు."

లోగనాయకికి నవ్వొచ్చింది. "నువ్వు పెద్ద మార్కెట్లో చేప బేరం చూసుండవు పాపా. నేనొక రేటు చెప్తా, ఆమె ఒకటి చెప్తుంది. నేను లేచి కొంచెం దూరం పోతా. ఆమె పిలవచ్చు, పిలవకపోవచ్చు. కావాలంటే గంప ఎత్తుకొని ఆమే పోవచ్చు. ఇద్దరం పోగలం గాబట్టే కుదిరిన రేటుకు విలువ. మరి ఆమె కాళ్లు కట్టేసి రేటు చెప్పమంటే? నేను ఏది అనుకుంటే అదే చెప్తుంది. అది రేటా? నా మాటే తిరిగి నా చెవిలో పడింది, అంతే. మీ యజమాని గెలిచినాడు, కాని గెలిచిన రోజే బేరమాడే మనిషిని పోగొట్టుకున్నాడు. నువ్వు గొప్పోడివి అనే నోటికి వాడే విలువ తీసేసినాడు. ఇంక ఆ మాట జన్మంతా విన్నా వాడికి కడుపు నిండదు."

ఆమని గబగబా రాసుకుంది. "మరి వాడు బయటపడే దారేంటండి? పుస్తకంలో యజమాని అక్కడే ఆగిపోతాడు. దారి దొరికేది బానిసకే."

"మీ జర్మనీ ఆయన అంగడి నడిపినట్టు లేదులే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమని తన టంబ్లరు కింద పెడుతూ, మిషను పక్కన నిలబడి తాగుతున్న కనకం వైపు చూసింది.

"కనకం గారూ, మీ కాఫీ ఏంటి అంత తెల్లగా ఉంది?"

"మాది రెండో డికాషన్ గదమ్మా."

ఫిల్టరులో మొదటిసారి దిగిన చిక్కటి డికాషన్ ఇంటివాళ్లకు, వాడుకదార్లకు. అదే పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే దిగే పల్చటిది పనివాళ్లకు. అత్తగారి కాలం నుంచీ అంతే. ఆ వీధిలో చాలా ఇళ్లలో అంతే. దాన్ని ఎవరూ తప్పనుకోరు, కనకంతో సహా. తప్పనుకోరు గనకే ఎవరికీ తట్టలేదు. లోగనాయకికి ఇప్పుడు తట్టింది. జ్వరం తగ్గిన నాటి నుంచి ఆమె మొదటి డికాషన్ అమ్ముకుంటూ, రెండో డికాషన్ తాగిన మనిషిని ఎట్టా ఉందే అని అడుగుతోంది. బాగుందని చెప్పక తప్పని నోటిని, రుచి తెలియని కాఫీ గురించి అడిగింది. రెండు తాళాలు తనే వేసి, తలుపు తియ్యలేదని కనకాన్ని కసురుకుంది.

మర్నాడు పొద్దున మొదటి డికాషన్ తనే కలిపి కనకం చేతికిచ్చింది.

"ఇది నాకేందమ్మా?"

"తాగు. తాగి చెప్పు."

కనకం వెనక్కి పోయి, తాగి వచ్చింది. "బాగుంది."

లోగనాయకి స్టూలు లాక్కుని కూర్చుంది. ఒక తాళం తీసింది, రెండోది అట్లాగే ఉంది. అది తియ్యాలంటే ముందు తన దగ్గరున్నది ఒకటి బల్ల మీద పెట్టాలి. సరుకు చూపించకుండా ఎవరూ రేటు చెప్పరు.

"నాకు వాసన తెలీదు కనకం. జ్వరం వచ్చినాక పోయింది."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"పొంగల్ ముందర స్టవ్వు మీద పాలు మాడి, వీధిలో పోయేవాళ్లు తిరిగి చూసినారు. నువ్వు పక్కనే కూర్చొని తూకం రాళ్లు తుడుచుకుంటా ఉన్నావు."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"నువ్వే చెప్పుకోలేదు. నేనెట్టా చెప్తా?" కనకం టంబ్లరు కడిగి బోర్లించింది. "మాడిన గింజ మిషన్లో పోసినప్పుడు నాకూ అనుమానం వచ్చింది. అడిగినావు, నోటికి అలవాటైన మాట వచ్చేసింది."

ఊళ్లో ఎవరికి అమ్ముకున్నా చెల్లే మాట అది. రెండు వీధుల అవతల ఇంకో కాఫీపొడి అంగడి ఉంది. అక్కడ ఒక్క మాట చెవిన వేసి ఉంటే కనకానికి రాజమర్యాద జరిగేది. ఇన్ని నెలలూ ఆ మాటను కొంగున కట్టుకుని, ఈ అంగడిలో తెల్లటి కాఫీ తాగుతూ నిలబడింది.  తన మీద ఇంతకాలంగా ఇంత పెట్టుబడి పెట్టిన మనిషిని లోగనాయకి కూలి కిందే లెక్క వేసింది.

"పనిమనిషిగా వద్దు. అంగడిలో పంగు తీసుకో. లాభం వస్తే నీ వాటా నీది. నచ్చకపోతే పో, నేనేమీ అనుకోను. కాని ఉంటే మాత్రం నాకు నిజం చెప్పాల."

"ఆలోచించి చెప్తా."

"ఏందే ఆలోచించేది? ఇట్టాంటిది ఎవరిస్తారు?"

"పోవచ్చని నువ్వే అన్నావు గదా. పోయి ఆలోచిస్తా." కనకం సంచి తీసుకుని నిజంగానే పోయింది.

బుధవారం పొద్దున అంగడి తీసే వేళకు కనకం రాలేదు. లోగనాయకి ఒక్కతే మిషను నడిపింది, తూచింది, పొట్లాలు కట్టింది. వీధి మలుపులో ఏ చీర కనిపించినా తల ఎత్తింది. భయం లొంగిపోయినవాడికే ఉంటుందని ఆమని పాఠంలో ఉంది. ఇవాళ అది గల్లాపెట్టె పక్కకు వచ్చి కూర్చుంది. ఆశ్చర్యం ఏమంటే ఆ భయం ఆమెకు కొత్తది కాదు. పెద్ద మార్కెట్లో లేచి నడిచేటప్పుడు, వెనక నుంచి పిలుపు వస్తుందో రాదో అనే భయం ఇదే.

ఎండ ఎక్కాక కనకం వచ్చింది. లోపలికి రాలేదు. వాడుకదార్లు నిలబడే చోట, బల్లకు అవతల నిలబడింది.

"పంగు సరే. డ్రమ్ము దగ్గర నేనుండాల. నేను దించమంటే దించాల."

"డ్రమ్ము సంగతి వదిలెయ్. ఇంకేదైనా అడుగు."

"వాసన చూసేది నేను, గింజ దించేది నువ్వా? అట్టయితే తప్పు జరిగిన పొద్దు మళ్లీ నన్నే అడుగుతావు, బాగుందన్నావు గదే అని."

"అది మా అత్త నాకు చెప్పిన విద్యే కనకం."

"మీ అత్త ముక్కుతో గదా చెప్పింది."

లోగనాయకి మొహం తిప్పుకుంది. కనకం సంచి భుజానికి వేసుకుని నడక సాగించింది. అలవాటు చొప్పున లోగనాయకి పిలవలేదు. బేరంలో మనిషి కాస్త దూరం పోయి వెనక్కి చూస్తుంది, అప్పుడు పిలవాలి. కనకం వెనక్కి చూడలేదు. సెల్‌ఫోన్ల అంగడి దాటింది, ఇడ్లీ బండి దాటింది.

"కనకం. రావే. కుదిరింది."

అది ఓడిపోయిన బేరం. అయినా లోగనాయకికి ఒళ్లంతా తేలికైంది. ఇన్నేళ్లలో కనకం మొహం చూసింది గాని, పోగలిగిన కనకం వీపును చూడలేదు. ఇక ఈ మనిషి ఉందంటే, ఉండాలనుకుని ఉన్నట్టు.

గురువారం ఇద్దరూ డ్రమ్ము దగ్గర నిలబడ్డారు. చిటపట వినడం లోగనాయకి పని, ముక్కు కనకానిది. చెవి ఇంకాస్త ఆగమంటోంది. కనకం ముక్కు ఎగబీల్చి, చెమట తుడుచుకుని, దించమంది. లోగనాయకి నోరు మూసుకుని దించింది.

శుక్రవారం అళగేశన్ చెప్పిన వేళకే వచ్చి కూర్చున్నాడు. లోగనాయకి మొదటి డికాషన్‌తో రెండు టంబ్లర్లు కలిపి, ఒకటి ఆయనకు, ఒకటి కనకానికి ఇచ్చింది. పనిమనిషి తన ఎదురుగా అదే కాఫీ తాగడం అళగేశన్ చూశాడు. ఒక గుక్క తాగాడు, ఇంకో గుక్క తాగాడు.

"బాగుందక్కా. మాడు లేదు. కట్టు."

లోగనాయకి పొట్లం కోసం చెయ్యి చాచింది.

"బాగలేదు," అంది కనకం.

అంగడిలో ఆ మాట ఎవరిదో ఒక క్షణం తెలియలేదు. అళగేశన్ టంబ్లరు దించాడు. "తాగింది నేను. నాకు బాగుంది."

"మీకు మాడు వాసన లేకపోతే చాలనిపించింది. ఇది పచ్చి. రేపు మెస్సులో పాలు పొయ్యంగానే నీళ్లలా అయిపోతుంది. నిన్న నేనే భయపడి తొందరగా దించమన్నా. ఈమె చెవి సరిగ్గానే చెప్పింది. తప్పు నాది."

ఇద్దరూ లోగనాయకి వైపు చూశారు. పోతుందనుకున్న బేరం చేతికి వచ్చింది. కొనేవాడు బాగుందంటున్నాడు, డబ్బు తియ్యడానికి సిద్ధంగా ఉన్నాడు. బాగలేదంటున్నది పొట్లాలు కట్టే మనిషి. తన నాలుకను అడిగితే అది చేదు అని తప్ప ఏమీ చెప్పదు. ఎవరి మాట నిజమో తేల్చుకునే దారి ఆమెకు లేదు. ఉన్నది ఒక్కటే లెక్క. అళగేశన్ మాటకు ఆయనకేమీ ఖర్చు లేదు. కనకం మాటకు కనకం వాటా పోతుంది, పరువు పోతుంది, తప్పు నెత్తిన పడుతుంది. అంత ఖరీదు పెట్టి ఎవరూ అబద్ధం కొనరు.

"తమ్ముడూ, ఇవాళ ఇవ్వలేను," అంది. "ఆమె వద్దంటే వద్దు. మళ్లీ వేయిస్తాం."

"వ్యాపారి నోట ఇది బాగలేదని వినడం నాకిదే మొదలు." అళగేశన్ లేచి, చెప్పులు వేసుకుంటూ కనకం వైపు చూశాడు. "రేపు వస్తా. ఈమె బాగుందన్నాకే కట్టండి. నన్ను అడగొద్దు."

ఆయన పోయాక లోగనాయకి టంబ్లర్లు తీసి పక్కన పెట్టింది. మేలు చేసిన మనిషికి ఎదురుగా ఆ సంగతి చెప్పడం లోగనాయకికి అలవాటు లేదు. 

"బాగలేదన్నావు చూడు," అంది చివరికి. "బతికించినావే కనకం. ఆ మాట చెప్పే మనిషి నాకు ఇన్నాళ్లూ లేదు."

"నేను గూడా ఇన్నాళ్లూ చెప్పలేదు లేమ్మా. నోరు తేలిగ్గా ఉంది." కనకం చేతులు దులుపుకుంది. "అది అట్టుండనీ. ఈ పచ్చి గింజ ఏం చేద్దాం?"

"పారేద్దాం. పోతే పోనీ."

"పారేసేదేంది? అందులో నా పంగు ఉంది. కొంచెం ఎక్కువ వేయించిన గింజలో కలిపితే సరిపోతుంది. సంగతి చెప్పి, తక్కువ రేటుకు సేదరపేట్ టీ బళ్లోళ్లకు ఇద్దాం."

"కలిపేది లేదు. మా అత్త ఎప్పుడూ రెండు దఫాల గింజ కలపలేదు."

"మీ అత్త పారేసింది తన కొడుకు దుడ్లు. ఇది నా దుడ్లు."

"సగం గూడా కాదే నీది."

"ఎంతైతే అంత. అంతవరకు పారెయ్యనియ్యను."

లోగనాయకి స్టూలు ముందుకు జరుపుకుని కూర్చుంది. కనకం రెండో స్టూలు లాక్కుంది. ఎంత కలపాలి, ఏ రేటుకు ఇవ్వాలి, ఎవరితో చెప్పి పంపాలి అని ఇద్దరూ గొంతులు పెంచి తెగ వాదించుకున్నారు. పొడి కోసం వచ్చినవాళ్లు బల్ల అవతల చేరి, ఎవరు దిగుతారో చూద్దామని అట్లాగే నిలబడిపోయారు.